పదకొండో రోజున వచ్చిన చీటీ: మలేరియా పరీక్ష చరిత్ర, ఫలితం అర్థం

పొడుగు పోస్టే ఇది, కాస్త ఓపిక పట్టి చదవండి. వానలు మొదలయ్యాయి. ఇక హాస్టళ్లలో జ్వరాలూ మొదలవుతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ముందు ఒక సంగతి చెప్తాను. నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్నప్పుడు నా పెట్టె పక్కనే పెట్టె ఉన్న స్నేహితుడికి జ్వరం వచ్చింది. మలేరియా వర్కరు వచ్చి, వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తపూత తీసుకున్నాడు. బిళ్లలు మింగించి వెళ్లిపోయాడు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. వాళ్ల నాన్న వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. కొండ మీద ఊరు, రోడ్డు లేదు. అక్కడ ఫిట్స్ మొదలయ్యాయి. డోలీ కట్టి దించుతుంటే దారిలోనే పోయాడు.

రక్తం తీసిన పదకొండో రోజున బడికి చీటీ వచ్చింది. వాడి పేరుకి ఎదురుగా 'పీఎఫ్ పాజిటివ్' అని ఉంది. పీఎఫ్ అంటే ఏంటో మాకు తెలీదు. పాజిటివ్ అంటే మంచిదనే అనుకున్నాం మేం, పిల్లలం.

తర్వాత నేను చరిత్ర చదువుకున్నాను. ఆ పదకొండు రోజులు ఒక్క వర్కరు తప్పో, ఒక్క వార్డెన్ తప్పో కాదని అప్పుడు అర్థమైంది. వాటి వెనక నూట యాభై ఏళ్ల కథ ఉంది. మన రక్తం కొండ దిగి వెళ్లడానికీ, జవాబు కొండ ఎక్కి రావడానికీ మధ్య ఎంత కాలం పట్టిందన్నదే మనకి సంబంధించినంతవరకు మలేరియా పరీక్ష చరిత్ర. ఆ కథ తెలిస్తే, ఇవాళ మీ చేతికొచ్చే చీటీలో ఒక్కో ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో, దాని అర్థమేంటో కూడా తెలుస్తుంది.

కడుపు తడిమి చూసిన రోజులు

రక్తపరీక్ష పుట్టకముందు చెయ్యే పరీక్ష. మన ముసలివాళ్లు ఇప్పటికీ "పిల్లాడికి కడుపులో బల్ల పెరిగింది" అంటారు చూడండి, అదే. ఎడమ డొక్క కింద ఉండే ప్లీహం మలేరియా పదే పదే వస్తే ఉబ్బి గట్టిపడుతుంది, చేతికి తగులుతుంది. 1840ల్లో ఉత్తరాదిన యమునా కాలువల వెంట జ్వరాలు ఎక్కువైనప్పుడు, డెంప్‌స్టర్ అనే కంపెనీ డాక్టరు ఊరూరా మనుషుల కడుపులు తడిమి, నూటికి ఎంతమందికి బల్ల ఉందో లెక్క కట్టాడు. జ్వరం ఉన్న ప్రాంతాన్ని అంకెల్లో కొలవడం అలా మొదలైంది. తర్వాత వందేళ్ల పాటు ఇదే పద్ధతి నడిచింది. 1950లో ఆఫ్రికాలోని కంపాలాలో జరిగిన సమావేశంలో దీనికి మెట్లు కూడా కట్టారు. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో బల్ల ఉన్నవాళ్లు నూటికి పది లోపు ఉంటే తక్కువ తీవ్రత, యాభై దాటితే అతి తీవ్రత, డెబ్భై ఐదు దాటితే అన్నిటికంటే పై మెట్టు.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ పరీక్ష అడిగిన ప్రశ్న "ఈ బిడ్డకి ఏమైంది?" అని కాదు. "ఈ నేల ఎలాంటిది?" అని. దండు ఇక్కడ దిగొచ్చా, కాలువ తవ్వొచ్చా, రైలు పట్టా వెయ్యొచ్చా అని. తడిమింది బిడ్డ కడుపునే గానీ, జవాబు బిడ్డ కోసం కాదు.

మన మన్యంలోనూ అంతే. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను ఏజెన్సీగా విడదీశాక, మైదానం అధికారులకి ఇక్కడికి బదిలీ అంటే భయం. 1879 రంప పితూరీని అణచడానికి వచ్చిన పటాలాలను తిరుగుబాటుదారులతో పాటు జ్వరం కూడా ముప్పుతిప్పలు పెట్టింది. కొండ గాలి చెడ్డది, నీళ్లు చెడ్డవి అనుకునేవారు. మలేరియా అన్న మాటే ఇటలీ భాషలో 'చెడు గాలి' అన్న మాట నుంచి వచ్చింది.

మనలో కొందరు అన్నలు "జ్వరమే మన కొండలకి కోట గోడ, బయటివాళ్లని రానివ్వలేదు" అంటుంటారు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం మన ఊళ్ల చివర చిన్న చిన్న గుంటల్లో ఉంది. పెద్దయ్యేదాకా బతికినవాళ్లకి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. అది రాకముందే పోయిన పిల్లలే ఆ కోటకి కట్టిన కప్పం.

రక్తంలో కనిపించింది

1880 నవంబరు 6. అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ ఊళ్లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు ఒక జ్వరపు సిపాయి రక్తాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. నెలవంకల్లాంటి ఆకారాలు అతను రోగుల రక్తంలో గమనిస్తూనే ఉన్నాడు. ఆ రోజు మాత్రం ఒక గుండ్రటి దాని నుంచి సన్నటి దారాలు బయటకొచ్చి కొరడాల్లా కొట్టుకోవడం చూశాడు. గాలీ కాదు, నీరూ కాదు, రక్తంలో ప్రాణమున్న జీవి ఉంది! చాలామంది నమ్మలేదు. నమ్మించడానికి ఏళ్లు పట్టింది. 1907లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ నెలవంకలు గుర్తుపెట్టుకోండి. అవి ఫాల్సిపారం రకం క్రిమి తాలూకు ఆడ, మగ రూపాలు. ఇంగ్లీషులో గామెటోసైట్ అంటారు. ల్యాబ్ చీటీలో 'పీఎఫ్' పక్కన 'జి' అని ఉంటే అర్థం ఇదే. 'ఆర్' అని ఉంటే ఉంగరం ఆకారపు రూపం, అంటే జ్వరం తెప్పించే దశ. 'జి' ఒక్కటే ఉంటే, అది జ్వరం తెప్పించదు, కానీ దోమ తాగితే ఇంకొకరికి అంటుతుంది. మందు వాడి జ్వరం తగ్గిపోయాక కూడా కొన్ని వారాలు ఈ నెలవంకలు రక్తంలో కనిపించొచ్చు. దాన్ని చూసి మందు పనిచేయలేదని కంగారు పడక్కర్లేదు.

సికింద్రాబాద్‌లో ఒక అణా

రక్తంలోకి అది ఎలా వచ్చిందన్న ప్రశ్నకి జవాబు మన తెలుగు నేల మీదే దొరికింది. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1897లో ఊటీకి సెలవు మీద వెళ్లి, దగ్గర్లోని సిగూర్ ఘాట్ అడవిలో తిరిగి, తానే మలేరియా తెచ్చుకున్నాడు. తర్వాత సికింద్రాబాద్ తిరిగొచ్చి బేగంపేట దగ్గర ఆసుపత్రిలో దోమలు కోసి చూస్తూ కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, రెక్కల మీద మచ్చలున్న దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకి ఒక్కో అణా. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి ఎదుగుతుండటం కనిపించింది. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ దోమల దినం అంటారు. తర్వాత ఏడాది కలకత్తాలో పిట్టల మీద పరీక్షలు చేసి దోమ కాటుతోనే వస్తుందని తేల్చాడు. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం మనుషుల విషయంలో తేల్చింది. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది.

హుసేన్ ఖాన్‌కి అణాలు వచ్చాయి. ఆయన జ్వరం ఏమైందన్నది ఈ కథ చెప్పేవాళ్లెవరూ చెప్పరు. రక్తం ఒకరిది, జవాబు ఇంకొకరిది. ఈ వరస మనకి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

పలక మీద రెండు మచ్చలు

పచ్చి రక్తంలో క్రిమిని వెతకడం చాలా కష్టం. 1891లో రష్యాలో రొమనోవ్‌స్కీ ఒక రంగు కనిపెట్టాడు. క్రిమి ఒంటికి నీలం, దాని గింజకి ఎరుపు పట్టే రంగు. దాన్ని లీష్‌మన్ 1901లో, గీమ్సా 1904లో మెరుగుపరిచారు. మన దేశంలో 1944లో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ కలిసి త్వరగా, చవగ్గా అయ్యే రంగు తయారుచేశారు. జేఎస్‌బీ రంగు అంటారు. మన పీహెచ్‌సీల్లో లక్షల పలకలకి పట్టింది ఆ రంగే.

ఇంకో తెలివైన పని 1903లో రాసే చేశాడు. రక్తాన్ని పల్చగా కాకుండా మందంగా చుక్క పెట్టి చూడటం. అందుకే పలక మీద రెండు ఉంటాయి, చూశారా? గుండ్రటి మందపాటి మచ్చ ఒకటి, నాలుకలా సాగదీసిన పల్చటి పూత ఒకటి. మందపాటి దానిలో ఎక్కువ రక్తం ఉంటుంది కాబట్టి క్రిమి ఉందా లేదా అన్నది అందులో తెలుస్తుంది. ఏ రకం క్రిమి అన్నది పల్చటి దానిలో స్పష్టంగా తెలుస్తుంది.

చీటీ మీద ప్లస్ గుర్తులు కూడా అక్కడివే. మందపాటి మచ్చలో మైక్రోస్కోప్‌కి ఒక్కసారి కనిపించే భాగాన్ని ఫీల్డ్ అంటారు. వంద ఫీల్డులు చూస్తే ఒకటి నుంచి పది క్రిములు కనిపిస్తే ఒక ప్లస్. వందలో పదకొండు నుంచి వంద దాకా అయితే రెండు. ఒక్కో ఫీల్డులోనే ఒకటి నుంచి పది ఉంటే మూడు. ఒక్క ఫీల్డులో పది దాటితే నాలుగు. ఒక ప్లస్సే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఫాల్సిపారం సోకిన రక్తకణాలు మెదడులో, మిగతా అవయవాల్లో సన్నటి రక్తనాళాల గోడలకి అంటుకుని దాక్కుంటాయి. వేలి చివర రక్తంలో కనిపించేది కొంతే. వేలి రక్తంలో ఒక ప్లస్ ఉన్న మనిషికి కూడా లోపల ఎక్కువ ఉండొచ్చు.

ఇంకోటి. వంద ఫీల్డులు శ్రద్ధగా చూడాలంటే టైం పడుతుంది. టేబుల్ మీద వందల పలకలు పేరుకుపోయి, ఒక్కడే టెక్నీషియన్ ఉంటే 'నెగిటివ్' అన్న మాట బలం అక్కడే తగ్గిపోతుంది. తప్పు మనిషిదే కాకపోవచ్చు, లెక్కది.

పదిహేను రోజులకోసారి వచ్చిన వర్కరు

స్వతంత్రం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి మలేరియా, ఎనిమిది లక్షల చావులు అని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇళ్ల గోడలకి డీడీటీ కొట్టారు. ఫలితం బాగుందని 1958లో దాన్నే నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. మన తాతలు చెప్పే మలేరియా వర్కరు అప్పటివాడే. పదిహేను రోజులకోసారి ఇంటింటికీ రావాలి. జ్వరం ఉందా అని అడగాలి, ఉంటే రక్తపూత తీయాలి, పెద్దవాళ్లకి నాలుగు క్లోరోక్విన్ బిళ్లలు మింగించాలి, గోడ మీద ముద్ర ఉన్న గడిలో తేదీ వెయ్యాలి.

ఆ నాలుగు బిళ్లలు వ్యాధి నయం చేయడానికి కావు. జవాబు వచ్చేదాకా ఆపడానికి ఇచ్చే ముందు మందు. పలక ల్యాబ్‌కి వెళ్లి, పాజిటివ్ అని తేలి, చీటీ వెనక్కొస్తే అప్పుడు పూర్తి మందు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ల్యాబ్ ఎక్కడో పట్నంలో. పలకలు పేరుకునేవి, వాగులు పొంగేవి. జవాబుకి వారాలు పట్టేది. చీటీ వచ్చేసరికి మనిషి ఎలాగోలా లేచి తిరుగుతుండేవాడు, లేదా ఉండేవాడు కాదు. నా స్నేహితుడికి జరిగింది అదే. అప్పటికి ఏజెన్సీలో ఈ పద్ధతే ఇంకా నడుస్తోంది.

1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు లక్షకి పడిపోయాయి. గెలిచాం అనుకున్నారు. డబ్బు తగ్గింది, శ్రద్ధ తగ్గింది, దోమ డీడీటీకి అలవాటు పడింది. 1976లో 64 లక్షల కేసులు. 1977లో పథకం మార్చి, ల్యాబ్‌లను పీహెచ్‌సీలకి దించారు. జవాబు కొండకి కాస్త దగ్గరికి వచ్చింది.

అప్పుడే ఇంకో లెక్క గట్టిగా స్థిరపడింది. చదువుకుంటున్న మీరందరూ దీన్ని తెలుసుకోవాలి. ఏడాదిలో వెయ్యి మంది జనానికి ఎన్ని పాజిటివ్‌లు వచ్చాయన్నది ఏపీఐ. అది 2 గానీ ఆపైన గానీ ఉన్న ప్రాంతాలకే ఇళ్లలో మందు కొట్టాలని నియమం పెట్టారు. ఇప్పుడు ఆలోచించండి. ఐదారు గూడేలు కలిపి వెయ్యి మంది ఉన్నారనుకుందాం. అందరికీ పరీక్ష చేస్తే ఆరు పాజిటివ్‌లు వచ్చేవి, అంటే ఏపీఐ 6. కానీ వర్కరు కొండ ఎక్కలేదు. సంతకి దిగి పీహెచ్‌సీకి వెళ్లిన ఒక్కడికే పరీక్ష జరిగింది. ఏపీఐ 1. కాగితం మీద మీ గూడెం ఆరోగ్యంగా ఉంది! స్ప్రే జాబితాలో పేరుండదు. పరీక్ష లేకపోతే కేసు లేదు, కేసు లేకపోతే జ్వరం లేనట్టే. అందుకే ఏపీఐ ఎంత అని మాత్రమే అడగొద్దు. "నూటికి ఎంతమంది రక్తం తీశారు?" అని కూడా అడగండి. దానికీ ఒక లెక్క ఉంది, ఏబీఈఆర్ అంటారు. ఏడాదికి నూటికి కనీసం పది మంది రక్తం చూడాలని ఆ కార్యక్రమమే పెట్టుకున్న నియమం. పది కూడా చూడకుండా తక్కువ కేసులని చెప్తే ఆ మాటకి విలువ లేదు.

కాలేయంలో నిద్రపోయేది

"పోయినేడు మందు వాడాం, నయమైంది. దోమతెరలోనే పడుకుంటున్నా మళ్లీ ఎందుకొచ్చింది?" అని అడుగుతుంటారు. దీనికి జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. 1948లో లండన్‌లో షార్ట్, గార్నమ్ అనే ఇద్దరు, వైవాక్స్ క్రిమి దోమ కాటు తర్వాత ముందు మనిషి కాలేయంలో ఎదుగుతుందని చూపించారు. 1980ల ఆరంభంలో ఇంకో సంగతి బయటపడింది. వైవాక్స్ క్రిముల్లో కొన్ని కాలేయంలోనే నెలల తరబడి నిద్రపోయి, తర్వాత లేచి రక్తంలోకి వస్తాయి.

దీనివల్ల చీటీకి రెండు అర్థాలు చేరాయి. ఒకటి, దోమ కుట్టిన మొదటి వారం రోజులు రక్తంలో ఏమీ కనిపించదు, అప్పుడు పరీక్ష చేస్తే నెగిటివే వస్తుంది. రెండు, వైవాక్స్ నిద్రపోతున్నంత కాలం ఏ రక్తపరీక్షా దాన్ని పట్టలేదు. రక్తం నెగిటివ్ అంటే ఒళ్లంతా నెగిటివ్ అని కాదు.

అందుకే 'పీవీ' పాజిటివ్ వస్తే మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. జ్వరం మూడో రోజుకే తగ్గిపోతుంది, మనవాళ్లు నాలుగో రోజు బిళ్లలు చూరులో దోపేస్తారు. నిద్రపోయేదాన్ని చంపేది ఆ మిగిలిన బిళ్లలే. అయితే ఒక జాగ్రత్త. జీ6పీడీ అనే పదార్థం ఒంట్లో తక్కువగా ఉన్నవాళ్లకి ప్రైమాక్విన్ రక్తకణాలను పగలగొడుతుంది. ఆదివాసీ సమూహాల్లో ఈ లోపం కొన్నిచోట్ల ఎక్కువ. మందు వాడుతుండగా మూత్రం డికాక్షన్ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులకి, పసిపిల్లలకి ఆ మందు ఇవ్వరు.

జవాబు కొండెక్కింది

1973లో అస్సాంలో క్లోరోక్విన్‌కి లొంగని ఫాల్సిపారం బయటపడింది. తర్వాత దేశంలో మిగతా చోట్లకీ పాకింది. దాంతో 'పీఎఫా, పీవీయా' అన్న ప్రశ్నకి బరువు పెరిగింది. ఫాల్సిపారంకి ఇప్పుడు ఏసీటీ అనే మూడు రోజుల మందు, దాంతో పాటు ఒక్క డోసు ప్రైమాక్విన్. రకం తెలియకుండా మందు ఇస్తే, చంపే రకానికి పనిచేయని మందు పడే ప్రమాదం ఉంది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు పరీక్ష, తర్వాతే మందు అని అందరికీ చెప్పింది. మన జాతీయ విధానమూ అదే దారి పట్టింది.

అది సాధ్యమైంది కిట్ వల్ల. 1990ల మొదట్లో వచ్చిన ఈ పరీక్ష క్రిమిని చూడదు, క్రిమి రక్తంలోకి వదిలే పదార్థాన్ని పసిగడుతుంది. వేలు గుచ్చి, ఒక చుక్క రక్తం, కొంచెం ద్రావణం, పదిహేను ఇరవై నిమిషాలు. కరెంటు అక్కర్లేదు, మైక్రోస్కోప్ అక్కర్లేదు. 2013 నుంచి మన దేశంలో రెండు రకాలనూ చెప్పే కిట్ వాడుతున్నారు. పాడేరు కొండల్లో, చింతూరు అడవిలో, ఉట్నూరు గూడెంలో ఆశా అక్క సంచిలో ఉండేది అదే. పదకొండు రోజులు ఇరవై నిమిషాలైంది. ఈ చరిత్రలో మనకి నిజంగా ఉపయోగపడిన మలుపు ఇదేనని నా అభిప్రాయం.

కానీ ఆ గీతలు చదవడం మనకీ రావాలి. 'సి' అన్న చోట గీత రాకపోతే ఆ కిట్ పనిచేయలేదు. అది నెగిటివ్ కాదు, ఇంకో కిట్‌తో మళ్లీ చెయ్యాలి. 'సి'తో పాటు 'పీఎఫ్' దగ్గర గీత ఎంత మసకగా ఉన్నా పాజిటివే. కిట్ మీద చెప్పిన టైం దాటి గంట తర్వాత చూసి చెప్పే ఫలితం లెక్కలోకి రాదు. ఎండలో, వేడిలో పడున్న కిట్‌ని నమ్మలేం.

ఇంకో మెలిక ఉంది. పీఎఫ్ గీత పసిగట్టే పదార్థం క్రిములు చచ్చాక కూడా కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది. పదో తారీఖున మందు పూర్తిచేసిన పిల్లాడికి ఇరవై ఐదున జలుబు జ్వరం వస్తే కిట్ మళ్లీ పాజిటివ్ చూపించొచ్చు. అలాంటప్పుడు పలక తీయించి మైక్రోస్కోప్ కింద చూడాలి. పాత పద్ధతి ఇంకా అవసరమే అన్నమాట.

జ్వరం లేకుండా పాజిటివ్

చివరి మలుపు మన పొరుగునే జరిగింది. అరకు దాటితే కోరాపుట్. ఒడిశాలో దమన్ అనే కార్యక్రమం కింద మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్ష చేశారు. 2020లో బస్తర్‌లో కూడా ఇలాగే ఇంటింటికీ వెళ్లి అందరి రక్తం చూశారు. మొదటి విడతలో పాజిటివ్ వచ్చినవాళ్లలో సగానికి పైగా జ్వరం లేనివాళ్లే. చిన్నప్పటి నుంచి కాట్లు తిని తట్టుకునే శక్తి వచ్చినవాళ్లు. పొలం పనికి పోతున్నారు, బడికి పోతున్నారు, రక్తం మాత్రం మెల్లగా తగ్గిపోతోంది, దోమలకి మాత్రం క్రిమి అందుతూనే ఉంది. "నాకేం జ్వరం లేదు, మందెందుకు?" అని అడిగే అన్నకి చెప్పాల్సిన జవాబు ఇదే. ఆ మందు నీకూ మంచిది, మీ ఇంట్లో పసిబిడ్డకి ఇంకా మంచిది.

చీటీ చేతికొస్తే

ఇప్పటిదాకా చెప్పింది పట్టుకుని నాలుగు మాటలు. ఇవి మీ హాస్టల్ నోటీసు బోర్డు మీద రాసిపెట్టుకోండి.

పాజిటివ్ అంటే మంచిది కాదు, క్రిమి ఉందని. వెంటనే "ఏ రకం?" అని అడగండి. పీఎఫ్ అయితే ఆలస్యం ప్రాణం మీదికి వస్తుంది, అదే రోజు మందు మొదలవ్వాలి. పీవీ అయితే పద్నాలుగు రోజులూ పూర్తవ్వాలి.

నెగిటివ్ అంటే "ఈ చుక్కలో, ఈ పూట కనిపించలేదు" అని మాత్రమే. క్రిములు మరీ తక్కువగా ఉంటే కిట్‌కి చిక్కవు. గర్భిణుల్లో మాయలో దాక్కుని వేలి రక్తంలో కనపడకపోవచ్చు. జ్వరం తగ్గకపోతే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పరీక్ష అడగండి. మళ్లీ మళ్లీ నెగిటివ్ వస్తే అది వేరే జ్వరం కావొచ్చు. డెంగీ ఉంది, టైఫాయిడ్ ఉంది, స్క్రబ్ టైఫస్ ఉంది. మలేరియా కాదంటే జబ్బే లేదని కాదు.

సంతలో ఇంజెక్షన్ వేసే ఆయన "టైఫాయిడ్, మలేరియా రెండూ ఉన్నాయి" అంటే, దేంతో చూశారు, ఏ రకం అని అడగండి. యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అంటే ఎప్పుడో వచ్చిపోయిందని కూడా కావొచ్చు. ఇప్పుడు ఉందని చెప్పేవి పలక, కిట్ లాంటివే.

ఫిట్స్, స్పృహ తప్పడం, ఏమీ తాగలేకపోవడం, ఆగని వాంతులు, ఆయాసం, పచ్చ కళ్లు, నల్లటి మూత్రం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చీటీ కోసం ఆగొద్దు. చీటీలో ఏమున్నా సరే, ముందు పెద్దాసుపత్రి.

వందేళ్లు మన కడుపులు తడిమి నేల గురించి తెలుసుకున్నారు. యాభై ఏళ్లు మన రక్తం తీసి రిజిస్టర్లు నింపుకున్నారు. ఇప్పుడు జవాబు మన ముందే, మన ఇంటి అరుగు మీదే, ఇరవై నిమిషాల్లో వస్తోంది. దాన్ని చదవడం మనకి రాకపోతే మళ్లీ అది వేరేవాళ్ల జవాబే అయిపోతుంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఆశా అక్క పక్కన కూర్చుని ఒక్క కిట్ చూడండి. అమ్మకి, నాయనమ్మకి మీ భాషలో, కువిలోనో కోయలోనో గోండిలోనో, ఆ గీతల అర్థం చెప్పండి.

వార్డెన్ టేబుల్ మీద చూసిన ఆ చీటీ నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. పాజిటివ్ అంటే మంచిదనుకున్న పిల్లలు మేమే ఆఖరివాళ్లం కావాలి.

మీ ఊళ్లో పరీక్షకీ జవాబుకీ మధ్య ఎన్ని రోజులు పడుతోందో కింద రాయండి. ఊరి పేరు, మండలం చాలు, మనుషుల పేర్లు వద్దు. అన్నీ కలిపి చూద్దాం.

జోహార్.